మూడో పిలుపు

నవంబరు 3, సోమవారం

గొంతు డాక్టరు ఇవాళ నా నోట్లో అద్దం పెట్టి చూసి, "మీరేం పని చేస్తుంటారు?" అని అడిగాడు.

"పిలుస్తుంటానండీ" అన్నాను.

"ఎవరిని?"

"ఎవరి కేసు వస్తే వాళ్ళని."

ఆయన నవ్వలేదు. గొంతులో చిన్న బుడిపె ఉందట. మూడు వారాలు ఒక్క మాట కూడా మాట్లాడకూడదట. గుసగుసగా కూడా వద్దట, అది ఇంకా చెడ్డదట. ఆ తర్వాత ఆపరేషన్ చేసి తీసేస్తారు. తీశాక గొంతు ఉంటుందా అని అడిగితే, "గొంతు ఉంటుంది, ఇదే గొంతు ఉంటుందని మాత్రం చెప్పలేను" అన్నాడు.

మా ఆవిడ ఇంటికి రాగానే అటక మీద నుంచి పాత పలక దించి, తడిగుడ్డతో తుడిచి, బలపం ముక్కతో సహా నా ఒళ్ళో పెట్టింది. "ముప్పై నాలుగేళ్ళలో నాకు ఒక్కసారి కూడా మాట పూర్తిచేసే వంతు రాలేదండీ. ఇప్పుడొచ్చింది" అంది. ఆ మాట అని వంటింట్లోకి వెళ్ళి చాలాసేపు బయటికి రాలేదు.

అందుకే ఈ డైరీ. ఒక ప్లీడరుగారు జనవరిలో ఇచ్చారు, ఇన్నాళ్ళూ ఖాళీగా పడి ఉంది. నోరు మూసుకుని కూర్చోవడం నా వల్ల అయ్యే పని కాదు. కనీసం ఇందులోనైనా వాగుతాను.

ఆఫీసులో చెప్పలేదు. ఈ రాజధాని మొత్తానికీ పెద్ద కోర్టు మాది. నాలుగంతస్తులు, ఇరవై రెండు హాళ్ళు. హాలుకొక బంట్రోతు ఉన్నాడు గానీ, 'మైకు' అని పేరు పడ్డది తొమ్మిదో హాలు బంట్రోతుకే, అంటే నాకే. నేను రెండో అంతస్తులో పిలిస్తే నాలుగో అంతస్తులో ఉన్న ప్లీడర్లు ఫైలు చంకన పెట్టుకుని మెట్లు దిగుతారు. కింద క్యాంటీన్లో కూర్చున్నవాళ్ళు టీ గ్లాసు దించేసి లేస్తారు. అలాంటివాణ్ణి గొంతు పోయిందని ఏ మొహం పెట్టుకుని చెప్పను? రిటైరవడానికి ఎనిమిది నెలలుంది. ఇంట్లో నోరు కట్టేసుకుంటాను, కోర్టులో పిలుస్తాను. డాక్టరు మాట సగం విన్నట్టే కదా.

నవంబరు 5, బుధవారం

పలక మీద 'ఉప్పు' అని రాసి చూపించాను. "ఎక్కువైందనా, తక్కువైందనా? వివరంగా రాయండి" అంది మా ఆవిడ. ప్లీడర్లకి నల్లగౌన్లు కుట్టీ కుట్టీ ఆవిడకీ వాళ్ళ వరస వచ్చేసింది.

నవంబరు 7, శుక్రవారం

ఇవాళ మా హాలు ముందు ఒక పాప నన్ను పట్టుకుంది. ఆరేళ్ళుంటాయి, ముందుపళ్ళు రెండూ లేవు. కుళాయి పక్కన బల్ల మీద వాళ్ళ పెద్దమ్మతో కూర్చుని, నేను పిలిచినప్పుడల్లా తనూ పెదవులు కదుపుతోంది. భోజనాల వేళ నా దగ్గరికి వచ్చి, "తాతా, అందరి పేర్లూ పిలుస్తున్నావు, నాది పిలవవేం?" అంది.

"నువ్వేం తప్పు చేశావని?" అన్నాను.

"ఏం చెయ్యలేదు. ఊరికే పిలువు."

హాల్లో ఎవరూ లేరు కదా అని గుమ్మం దగ్గర నిలబడి పిలిచాను, మెల్లగానే. పాప బల్ల మీద నుంచి దూకి పరుగున వచ్చి, "వచ్చానండీ" అని చేతులు కట్టుకుని నిలబడింది. వాళ్ళ పెద్దమ్మ నవ్వీ నవ్వీ కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

ఆవిడ సిటీ బస్సు డ్రైవరు. ఈ పాప ఆవిడ చెల్లెలి కూతురు. చెల్లెలు పోయినప్పుడు పాపకి పదకొండు నెలలు. అప్పటినుంచీ పెంచింది ఈవిడే. తండ్రి చెడ్డవాడేం కాదు. ఇంకో ఊళ్ళో మళ్ళీ పెళ్ళి చేసుకుని స్థిరపడ్డాడు, ఇప్పుడు పిల్లని పంపమంటున్నాడు. పిల్లని తన దగ్గరే ఉంచమని ఈవిడ కేసు వేసింది. కేసు నడిచినన్నాళ్ళూ పాప పెద్దమ్మ దగ్గరే ఉండాలని ఉత్తర్వు. కేసు పోతే ఆ ఉత్తర్వూ పోతుంది. వేసవిలో డ్యూటీ పడి ఒకసారి వాయిదాకి రాలేకపోయిందట, ఇంకోసారి రాకపోతే కేసు కొట్టేస్తానని అప్పుడే జడ్జిగారు గట్టిగా చెప్పారట. మళ్ళీ వాయిదా మంగళవారం.

ఆవిడ ప్లీడరు పై అంతస్తుకి పరుగెడుతూ చెప్పింది: "మీరు ఎప్పుడొచ్చినా ఈ బల్ల మీదే కూర్చోండి. లోపల జనం, ఊపిరాడదు. మైకుగారి గొంతు ఎక్కడున్నా వినబడుతుంది."

విని నా ఛాతీ రెండంగుళాలు పెరిగింది. ఉన్న మాట రాస్తున్నాను.

నవంబరు 11, మంగళవారం

ఇవాళ నలభై ఆరు కేసులు. పైన ఏదో పెద్ద కేసు తీర్పట, వరండాలన్నీ జనం. గొంతు పొద్దుటినుంచీ గరగరమంటూనే ఉంది.

ప్రతి కేసుకీ మూడు పిలుపులు. నాకు ఈ పని నేర్పిన పాత బంట్రోతు పెట్టిన పద్ధతి. మొదటిది ఎడమవైపు వరండాకి, రెండోది మెట్లవైపు, మూడోది కుడివైపు మలుపులో కుళాయి దగ్గర కూర్చున్నవాళ్ళకి. ఒక్కో పిలుపు తర్వాత ఒకసారి ఊపిరి పీల్చి వదిలేంతసేపు ఆగాలి. మూడింటికీ పలక్కపోతే లోపలికి వచ్చి తల అడ్డంగా ఊపుతాను. 'మూడుసార్లు పిలిచినను హాజరు కాలేదు' అని బెంచి క్లర్కు రాస్తుంది. జడ్జిగారు కేసు కొట్టేస్తారు.

ఆ డ్రైవరు పెద్దమ్మ కేసు ఇవాళ కొట్టేశారు. పలకలేదు.

మొదటిది వరండాకి, రెండోది మెట్లవైపు. మూడుసార్లు పిలిచాను.

నవంబరు 12, బుధవారం

మూడుసార్లు పిలిచాను.

నవంబరు 13, గురువారం

పొద్దున్న టీ తాగుతుంటే మా ఆవిడ మిషను ఆపి, "నిన్నట్నుంచీ ముభావంగా ఉన్నారేం?" అంది. మాట్లాడని మనిషిలో ముభావం ఈవిడకి ఎలా తెలుస్తుందో.

పలక మీద రాశాను: 'ఒక కేసు పోయింది. మనిషి రాలేదు. నేను మూడుసార్లు పిలిచాను.'

చదివింది. గౌను మడత విప్పి మళ్ళీ వేసింది. "ఎన్నిసార్లు పిలిచారని నేనడిగానా?" అంది.

పలక తుడిచేశాను.

నవంబరు 14, శుక్రవారం

ఆవిడ వచ్చింది. పాప లేదు.

బుధవారమే తండ్రి వచ్చి తీసుకువెళ్ళాడట. పాప ఏడవలేదట, స్కూలు సంచి తనే సర్దుకుందట. అది చెప్పేటప్పుడు ఆవిడ తన చేతుల్నే చూసుకుంటోంది. స్టీరింగు పట్టుకున్న చేతులు, నా చేతులకన్నా పెద్దవి.

మంగళవారం పదింటికల్లా వచ్చి ఆ బల్ల మీదే కూర్చుందట. పైన ఆ పెద్ద కేసులో ఇరుక్కున్న ప్లీడరు మూడింటికి మెట్లు దిగి వచ్చేదాకా కదల్లేదట. మంచినీళ్ళకి కూడా లేవలేదట.

"తప్పు నాదేనండీ" అంది నాతో. "ముందురోజు రెండు డ్యూటీలు చేశాను. కునుకు పట్టేసి ఉంటుంది. పట్టలేదనే అనిపిస్తుంది, కానీ పట్టే ఉంటుంది. లేకపోతే మీ గొంతు వినబడకపోవడమేంటి? మీరు అంత గట్టిగా పిలిచాక కూడా."

నేను తల ఊపాను. ఎందుకు ఊపానో తెలియదు. అవునని ఊపలేదు, కాదనీ ఊపలేదు. ఆవిడ దాన్ని ఓదార్పు అనుకుంది.

"డిపోలో చెప్పేశాను, ఇక బండి ఎక్కనని" అంది. "కూర్చున్నచోట తెలియకుండా నిద్రపోయేదాన్ని, యాభైమందిని వెనకాల పెట్టుకుని ఎలా నడపనండీ?"

కేసు తిరిగి తెరవమని ప్లీడరు దరఖాస్తు వేసిందట, ఇరవైనాలుగున విచారణ. వేసవిలో ఒకసారి, ఇప్పుడొకసారి, రెండోసారికి నమ్మరని ప్లీడరే చెప్పిందట. కాగితం మీద మూడుసార్లు పిలిచినట్టు ఉందిగా.

ఉంది మరి. కాగితం మీద ఉన్నదే ఉంటుంది.

నవంబరు 15, శనివారం

ఈ బుడిపె ఆవగింజంత ఉంటుందట. డాక్టరు వేలి కొసమీద చూపించాడు.

నవంబరు 17, సోమవారం

రాస్తాను. ఎవరు చదువుతారు గనక.

ఆరోజు రెండో పిలుపు చివర్లోనే గొంతు జీరపోయింది. మెట్ల దగ్గరివాళ్ళకైనా వినబడిందో లేదో. కుడివైపు తిరిగి నోరు తెరిచాను. గాలి వచ్చింది, మాట రాలేదు. ఇంకోసారి ప్రయత్నించవచ్చు. లోపలికి వెళ్ళి బెంచి క్లర్కుకి చెప్పవచ్చు, ఆ అమ్మాయి నన్ను బాబాయ్ అంటుంది, ఏమీ అనుకునేది కాదు. కానీ ఎదురుగా ఇద్దరు కుర్ర ప్లీడర్లు నా మొహంలోకే చూస్తున్నారు. మైకు పాడైందిరోయ్ అని నవ్వుతారనిపించింది. నోరు మూసుకుని, ఊపిరి పీల్చి వదిలేంతసేపు నిలబడి, పిలిచినవాడిలాగే లోపలికి నడిచాను. అమ్మాయి తలెత్తి చూసింది. తల అడ్డంగా ఊపాను. రాసుకుంది.

తర్వాతి కేసుకి గొంతు వచ్చింది. మూడుసార్లూ వచ్చింది. అదే నాకు మింగుడుపడడం లేదు.

ముప్పై ఒక్క సంవత్సరాలు. ఎన్ని వేలమందిని పిలిచి ఉంటాను. ఒక్క పిలుపు.

ఒక్క పిలుపేగా అని నన్ను నేనే సమర్థించుకుంటున్నాను, చూడు.

నవంబరు 18, మంగళవారం

ఇవాళ మూడు కేసులకే గొంతు పూర్తిగా పడిపోయింది. జలుబని చెప్పాను. బెంచి క్లర్కు పెన్ను మూసి, లేచి, తనే గుమ్మం దగ్గరికి వచ్చి పిలిచింది. సన్నటి గొంతు. అయినా జనం పలికారు. "నువ్వు కూర్చో బాబాయ్, వేడినీళ్ళు తాగు" అంది.

ఇంతకీ అంత సులువైన పనా ఇది.

నవంబరు 20, గురువారం

మా ఆవిడకి చెప్పాను. పలక చిన్నది, చాలలేదు. రాయడం, చూపించడం, తుడవడం, మళ్ళీ రాయడం. పిల్ల సంగతి, బల్ల సంగతి, ఆవిడ బండి మానేసిన సంగతి. చివర 'చెబితే సస్పెండ్ చేయవచ్చు, పెన్షన్ ఆగవచ్చు' అని రాశాను. రాసి ఆవిడ మొహం వంక చూశాను. ఆవిడ భయపడితే బాగుండుననే చూశానని ఇక్కడ ఒప్పుకుంటున్నాను. అప్పుడు ఆవిడ కోసమే చెప్పలేదని అనుకోవచ్చు కదా.

ఆవిడ భయపడలేదు. పలక నా చేతిలోంచి తీసుకుని, చీరకొంగుతో శుభ్రంగా తుడిచి, బల్ల కింద పెట్టేసింది.

"ఇది పలక మీద రాసే మాట కాదండీ" అంది. "కాగితం మీద రాయండి. తుడిస్తే పోకూడదు."

పెన్ను తెచ్చి నా ముందు పెట్టి, "ఆపరేషన్‌కి నా దగ్గర గౌన్ల డబ్బులున్నాయి. మీరు దాని గురించి బుర్ర పాడుచేసుకోకండి" అని మిషను మీద కూర్చుంది. కుడుతోందే గానీ సూదిలో దారం లేదు. నేను చెప్పలేదు.

నవంబరు 23, ఆదివారం

కాగితం రాశాను. నాలుగుసార్లు చించేశాను. ఐదోది మూడు వాక్యాలుంది. అదే ఉంచాను.

నవంబరు 24, సోమవారం

గౌను మీద దుమ్ము దులిపినట్టు నా చొక్కా మీద రెండుసార్లు దులిపి పంపించింది మా ఆవిడ.

పదకొండున్నరకి దరఖాస్తు విచారణకి వచ్చింది. బెంచి క్లర్కే పిలిచింది. పెద్దమ్మ లోపలే, గోడకి ఆనుకుని నిలబడి ఉంది, బయట కూర్చునే ధైర్యం పోయినట్టుంది. తండ్రి తరఫు ప్లీడరు పెద్దాయన, మంచి మాటకారి. "ఇది రెండోసారి అయ్యా. మూడుసార్లు పిలిచారు, రికార్డులో ఉంది. ఈ హాలు పిలుపు వినబడలేదంటే ఈ భవనంలో ఎవరైనా నమ్ముతారా?" అన్నాడు. అందరూ నా వైపు చూసి నవ్వారు. జడ్జిగారు కూడా కొంచెం నవ్వారు.

వెళ్ళి నా కాగితం జడ్జిగారి బల్ల మీద పెట్టాను. దారిలో ఒక కుర్చీకి కాలు తగిలింది. రోజుకి వందసార్లు నడిచే చోటే అది.

జడ్జిగారు చదివారు. ఇంకోసారి చదివారు. కళ్ళజోడు తీసి, "రాసిస్తే చాలదు. ప్రమాణం చేసి నోటితో చెప్పాలి. చెప్పగలరా?" అన్నారు.

తల ఊపాను. బోనులోకి ఎక్కాను. ఇన్నేళ్ళూ ఎందరినో అందులోకి ఎక్కించినవాణ్ణి, మెట్టు ఎంత ఎత్తుందో ఇవాళే తెలిసింది.

"ఆరోజు ఎన్నిసార్లు పిలిచారు?"

చెప్పాను. నాకే వినబడలేదు. టైపిస్టు చేతులు గాల్లో ఆపి, ఏమీ అర్థం కాలేదన్నట్టు చూశాడు. అప్పుడు బెంచి క్లర్కు లేచి వెళ్ళి ఫ్యాను ఆపేసింది. ఎవరో తలుపు దగ్గరికి వేశారు. ప్లీడర్లు కాగితాలు తిరగెయ్యడం మానేశారు. రోజూ 'నిశ్శబ్దం' అని నేను గొంతు చించుకుని అరిచినా ఆగని హాలు, ఎవరూ చెప్పకుండానే ఆగిపోయింది. నా కోసం ఆగింది. నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"రెండుసార్లేనండీ" అన్నాను. "మూడోది పిలవలేదు. ఆవిడ కూర్చున్నవైపు అసలు పిలవలేదు."

పెద్ద ప్లీడరు లేచాడు. "గొంతు బాగాలేదని ఎవరికీ చెప్పలేదేం?"

"సిగ్గేసిందండీ."

ఆయన ఇంకేదో అడగబోయి కూర్చున్నాడు.

నేను చెప్పినదంతా టైపిస్టు చదివి వినిపించాడు. సరేనని సంతకం పెట్టాను. దరఖాస్తు ఒప్పుకున్నారు. కేసు మళ్ళీ తెరిచారు, పాత ఉత్తర్వు అలాగే ఉంటుంది, శుక్రవారం తండ్రి పిల్లని కోర్టుకి తెచ్చి అప్పగించాలి. నేను ఐదు రోజుల్లో సంజాయిషీ ఇవ్వాలి. విచారణ తేలేదాకా రికార్డు గదిలో పని.

వరండాలో పెద్దమ్మ నా ఎదురుగా వచ్చి నిలబడింది. తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండుననుకున్నాను.

"అయితే నేను నిద్రపోలేదన్నమాట" అంది.

లేదని తల ఊపాను.

"రేపట్నుంచి బండి ఎక్కొచ్చన్నమాట" అంది తనలో తానే. నన్ను దాటి వెళ్ళిపోయింది.

నవంబరు 26, బుధవారం

రికార్డు గదిలో ఎవరినీ పిలవక్కర్లేదు. డాక్టరు వింటే సంతోషిస్తాడు. ఆపరేషన్ సోమవారం.

నవంబరు 28, శుక్రవారం

నాకు అక్కడ పని లేదు. అయినా రెండో అంతస్తుకి వెళ్ళి మెట్ల దగ్గర నిలబడ్డాను.

తండ్రి పాపని తీసుకొచ్చాడు. కొత్త బూట్లు కొనిపెట్టాడు. జడ్జిగారి ముందు సంతకాలయ్యాయి. అందరూ వరండాలోకి వచ్చారు. పెద్దమ్మ వంగి చేతులు చాచింది. పాప రాలేదు. తండ్రి కాలి వెనక్కి జరిగి నిలబడింది.

"రారా బంగారం."

"నువ్వు రాలేదుగా" అంది పాప.

పెద్దమ్మకి అర్థం కాలేదు. తండ్రి మొహం చిన్నబోయింది. "పెద్దమ్మ కోర్టుకి రాలేదమ్మా, అందుకే నిన్ను తీసుకెళ్తున్నానని నేనే చెప్పానండీ" అన్నాడు మెల్లగా. "అదే నిజమనుకున్నాను."

అంటే పదిహేను రోజులుగా ఈ పిల్ల మోస్తున్నది ఇది. స్కూలు సంచి ఏడవకుండా సర్దుకున్నది ఇందుకు.

పెద్దమ్మ నా వైపు చూడనైనా లేదు. చూసి ఉంటే, అదుగో ఆ తాత వల్లేనని ఒక్క మాట అంటే సరిపోయేది. అనలేదు. చాచిన చేతులు అలాగే ఉంచి, "వచ్చానమ్మా, ఇక్కడే ఉన్నాను" అంటోంది. పాప నేల చూస్తోంది.

డాక్టరు గుసగుస కూడా వద్దన్నాడు. వెళ్ళి పాప ముందు గొంతుక్కూర్చున్నాను.

"మీ పెద్దమ్మ వచ్చింది" అన్నాను. "ఆ మలుపులో బల్ల మీదే కూర్చుంది, పొద్దుటినుంచీ. నేను పిలిస్తే లోపలికి రావాలి. నేను పిలవలేదు."

పాప నా నోటివైపు చూసింది. "ఎందుకు పిలవలేదు?"

"గొంతు రాలేదమ్మా."

పాప ఆలోచించింది.

"అయితే నువ్వు వెళ్ళి చెయ్యి పట్టుకుని తీసుకురావచ్చుగా" అంది.

పాప నన్ను దాటి వెళ్ళి పెద్దమ్మ మెడ కరుచుకుంది. అప్పుడు ఏడ్చింది, ఆ పదిహేను రోజులదీ కలిపి. ఆవిడ పాపని ఎత్తుకునే మెట్లు దిగింది. వెనకాల తండ్రి స్కూలు సంచి పట్టుకుని వెళ్ళాడు.

వాళ్ళు వెళ్ళాక తొమ్మిదో హాలు గుమ్మం దగ్గరికి వెళ్ళి నిలబడ్డాను. కుడివైపు తిరిగాను. అక్కణ్ణుంచి ఆ మలుపు తిరిగి, కుళాయి పక్కన బల్ల దాకా నడిచి చూశాను.

పద్నాలుగు అడుగులు.